తల కొట్టిన కుంచం

నాదం నడిచిన దారి – 17వ భాగం

గత భాగాన్ని తంబుర తీగలు ఆనే మెట్టు దగ్గర ఆపాం. తీగకీ మెట్టుకీ మధ్య సన్నటి నూలుపోగు దూర్చి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే, అప్పటిదాకా పొడిగా మోగుతున్న తీగ ఉన్నట్టుండి జుమ్మంటుంది. ఆ పోగుకి మన విద్వాంసులు పెట్టిన పేరు జీవ. తీగ మెట్టుకి ఒరుసుకోవడం మామూలు లెక్కలో లోపమే. వీణ మీద ఆ చప్పుడొస్తే మెట్లు సరిచేయించుకోవడానికి బొబ్బిలి దాకా పోతాం. తంబుర మీద మాత్రం ఆ ఒరిపిడే ప్రాణం.

ఆ ఒరిపిడికి ఇద్దరు బంధువులున్నారు. ఒకటి పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో కథకుల చంకలో ఇమిడే జముకు. రెండోది ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడి కాలికింద పడి ఉండే ఇనప డబ్బా, ఫజ్ పెడల్. ఈ రెండింటినీ ఒక్క వ్యాసంలో కూర్చోబెట్టడం వింతగా తోచవచ్చు. చివరిదాకా వచ్చాక, విడదీయడమే కష్టమనిపిస్తుంది.

చంకలో కుంచం

జముకుని చూడనివారి కోసం రెండు మాటలు. కుంచం ఆకారంలో ఇత్తడిదో చెక్కదో ఒక గుల్ల. ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది, రెండోది ఖాళీ. తోలు నడిమధ్య నుంచి ఒక నరం గుల్లలోంచి వచ్చి, ఖాళీ మూతి దాటి, చిన్న కర్రముక్క దగ్గర ముడిపడుతుంది. గుల్లని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కర్రముక్కని లాగిపట్టి, రెండో చేత్తో నరం మీటాలి. లాగేకొద్దీ శ్రుతి పైకి ఎక్కుతుంది, వదిలేకొద్దీ కిందికి జారుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు. వాయించేవాడి చెయ్యే బిరడా.

ఉత్తరాంధ్రలో జముకుల కథ అంటే ముందు కథకుడు, పక్కన వంతలు, వాళ్ళ మధ్య ఈ వాద్యం. కథకుడి గొంతు అలిసినచోట జముకు అందుకుంటుంది. కథలో ఎవరో కోపంతో ఊగిపోతుంటే నరం గుర్రుమంటుంది, ఏడుస్తుంటే సాగుతుంది. తెలంగాణలో బవనీలు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు పట్టుకునే జమిడిక ఈ కుటుంబానిదే. మహారాష్ట్రలో చౌండకే, బెంగాల్ బావుల్ గాయకుల ఆనందలహరి కూడా ఈ వంశంలో పుట్టినవే.

దీని చప్పుడు మిగతా తీగ వాద్యాల్లా ఎందుకుండదు? వీణలో, గిటారులో తీగ పలకకి సమాంతరంగా పడుకుని ఉంటుంది. జముకులో నరం తోలుకి నిట్టనిలువు. మీటగానే నరం పక్కలకి ఊగుతుంది. ఎడమ చివరకి వెళ్ళినప్పుడు కొంచెం సాగి తోలుని లాగుతుంది, నడిమికి వచ్చినప్పుడు వదులవుతుంది, కుడి చివరకి వెళ్ళినప్పుడు మళ్ళీ లాగుతుంది. అంటే నరం ఒకసారి ఊగితే తోలు రెండుసార్లు కదులుతుంది. నరం షడ్జమం పాడితే తోలు తారషడ్జమం అందుకుంటుందన్నమాట.

ఇంకో సంగతి కూడా ఉంది. నరం ఎంత వెడల్పుగా ఊగితే తోలు మీద లాగుడు అంతకి వర్గంలా పెరుగుతుంది. రెండింతలు గట్టిగా మీటితే లాగుడు నాలుగింతలు. అందుకే మెల్లగా మీటితే జముకు గొణుగుతుంది, గట్టిగా మీటితే గద్దిస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమంతా కథకుడి చేతిలో పని.

ఈ రెండు లక్షణాల్నీ కాస్త గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఊగినదాన్ని మడతపెట్టి రెట్టించడం. రెండు, చేతి బలానికి అతిగా స్పందించడం. సముద్రాలవతల వీటికోసమే తర్వాత డబ్బు పోసి ట్రాన్సిస్టర్లు కొన్నారు.

చెడిపోయిన పెట్టెల చరిత్ర

ఎలక్ట్రిక్ గిటారు మొదటి తరం ఇంజనీర్లందరిదీ ఒకటే తపన: తీగ ఎంత శుభ్రంగా మోగిందో స్పీకరులోంచి అంత శుభ్రంగా రావాలి. ఆ తపనని ప్రమాదాలు ఒక్కొక్కటిగా చెడగొడుతూ వచ్చాయి. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకి ఐక్ టర్నర్ బృందం చేరేసరికి గిటారిస్టు విలీ కిజార్ట్ యాంప్లిఫయర్ దారిలో దెబ్బతింది. స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే రికార్డు చేశారు. ‘రాకెట్ 88’ పాటలో వినిపించే బొంగురు ఆ కాగితాలదే. 1958లో లింక్ రే అనే ఆయన ‘రంబుల్’ కోసం మంచి స్పీకరు కాగితానికి పెన్సిలుతో కావాలనే బెజ్జాలు పొడిచాడు. 1964లో లండన్‌లో డేవ్ డేవిస్ బ్లేడుతో కోశాడు.

ఇవన్నీ ఒక్కొక్కరి పిచ్చి. దాన్ని కొనుక్కునే వస్తువుగా మార్చిన ఘటన నాష్‌విల్‌లో జరిగింది. మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ పాట రికార్డింగులో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బాస్ గిటారు వాయిస్తున్నాడు. మిక్సింగ్ బల్లలో ఆ గిటారు వచ్చే దారిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చెడింది. మెత్తగా రావాల్సిన గిటారు కందిరీగలా గుయ్యిమంది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ. మళ్ళీ వాయించాలా, ఉంచెయ్యాలా అని తర్జనభర్జన పడి ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది. ఆ చప్పుడు మాకూ కావాలని మిగతావాళ్ళు స్టూడియోకి రాసాగారు. చెడిన భాగం మాత్రం ఈలోగా పూర్తిగా చచ్చిపోయింది.

లోపం పోయింది, గిరాకీ మిగిలింది. స్నాడీ ఇంకో ఇంజనీరు రెవిస్ హాబ్స్‌తో కూర్చుని, మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఆ రోగాన్ని మళ్ళీ పుట్టించాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో ‘మేస్ట్రో ఫజ్‌టోన్’ పేరుతో బజారులో పెట్టింది. గిటారుతో ట్యూబా, ట్రంపెట్, చెల్లో వాయించవచ్చని ప్రచారం చేసుకుంది. తమ చేతిలో ఉన్నది కొత్త గొంతు అని అమ్మేవాళ్ళకే తెలీదు. పాత గొంతులకి మిమిక్రీ అనుకున్నారు. జనం కూడా అలాగే అనుకుని పట్టించుకోలేదు. దుకాణాల్లో సరుకు మూలపడింది.

1965 మేలో రోలింగ్ స్టోన్స్ బృందం ‘శాటిస్‌ఫాక్షన్’ రికార్డు చేసింది. కీత్ రిచర్డ్స్ ఆ ప్రారంభ వరుసని ఫజ్‌టోన్‌తో వాయించింది బూరల బృందానికి నమూనాగా మాత్రమే. తర్వాత దాన్ని తీసేసి నిజం బూరలు పెడదామనుకున్నాడు. పెట్టకముందే పాట బయటికొచ్చింది. ఆ ఏడాది చివరికి మూలపడ్డ ఫజ్‌టోన్లన్నీ అమ్ముడైపోయాయి.

అక్కడి నుంచి పందెం మొదలైంది. 1965లోనే లండన్‌లో గ్యారీ హర్స్ట్ ‘టోన్ బెండర్’ చేశాడు. 1966లో అదే నగరంలో ఐవర్ ఆర్బిటర్ దుకాణం నుంచి ‘ఫజ్ ఫేస్’ వచ్చింది. మైకు స్టాండు అడుగున ఉండే గుండ్రటి ఇనప దిమ్మని చూసి ఆ ఆకారం పెట్టారు. 1969లో న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ ‘బిగ్ మఫ్’ తెచ్చింది. ఈ మూడింటి సంతానమే నేటి బజారులోని ఫజ్ పెడళ్ళలో అత్యధికం.

కుంచం తల ఎందుకు కొడతారు

పెడల్ లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి మళ్ళీ కుంచం దగ్గరికే రావాలి.

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కుంచం నిండినా పోస్తూనే ఉంటారు. పైన గుమ్మటంలా రాశి నిలుస్తుంది. అప్పుడు కర్రతో అంచు వెంట ఒక్క తోపు తోస్తే రాశి తల ఎగిరిపోయి కుంచం చదునవుతుంది. గిటారు తీగ పంపే విద్యుత్తు అల ఆ రాశిలా గుండ్రటిది. ట్రాన్సిస్టర్ దాన్ని వందల రెట్లు పెంచాలని చూస్తుంది. పెడల్‌లో ఉన్నదేమో తొమ్మిది ఓల్టుల బ్యాటరీ. అంతకి మించి అల లేవలేదు. అంచు దాటిన తల తెగిపోయి చదునవుతుంది. కిందివైపు కూడా అంతే.

తోసేసిన గింజలు మాయం కావు, చుట్టూ రాలతాయి. అల తల తెగినప్పుడు రాలే గింజలే అతిస్వరాలు. పైనా కిందా సమానంగా తెగితే మూడో, ఐదో, ఏడో అతిస్వరాలు పుడతాయి. మన భాషలో మూడోది పైస్థాయి పంచమం, ఐదోది ఆ పైస్థాయి అంతరగాంధారం. తంబుర బాగా శ్రుతి కుదిరినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారాన్ని స్వయంభువు అంటారు కదా, ఫజ్ పెడల్ దాన్నే మెడపట్టి బయటికి లాగుతుంది. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ తెగితే తారషడ్జమం కూడా కలుస్తుంది. ఫజ్ ఫేస్‌ది ఈ రెండో తరహా; దాని గొంతులో ఉండే గుండ్రదనానికి ఒక కారణం అదే.

తల కొట్టడంలో ఇంకో ఫలితం ఉంది. మీటిన స్వరం సన్నగిల్లుతున్నా, అంచుకి మించి ఉన్నంతసేపూ కుంచం నిండుగానే కనిపిస్తుంది. అందుకే ఫజ్ పెట్టిన గిటారు స్వరం సన్నాయిలా సాగుతుంది. తీగ వాద్యానికి ఊపిరి పోసినట్టు. జముకుకి ఈ సాగుడు లేదు. దాని నరం మీటిన వెంటనే చప్పబడుతుంది. బంధుత్వం చెప్పేటప్పుడు ఈ తేడా దాచకూడదు.

1969

ఇక చరిత్రలో ఈ రెండు వాద్యాలూ ఒకదాన్నొకటి చూసుకోకుండానే పక్కపక్కన నిలబడిన ఏడాదికి వద్దాం.

శ్రీకాకుళం గిరిజన ప్రాంతంలో 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు జరిపిన కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. 1968 చివరికి అక్కడి గిరిజనుల ఉద్యమం సాయుధ పోరాటమైంది. కొండల నుంచి అది ఉద్దానంలోకి దిగినప్పుడు దానికి గొంతు ఇచ్చినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారి. ఇంటిపేరు ఒడియా వాసన కొడుతుంది. పాట మాత్రం ఉద్దానం తెలుగు. ఎల్లమ్మ కథకి అలవాటుపడిన చెవులకి ఆయన భూమి కథ, అప్పుల కథ, కూలి కథ జముకులతోనే చెప్పాడు.

ఆయన బుర్రకథనో హరికథనో కాక జముకునే పట్టడానికి కారణం రాజకీయమే అని సాధారణంగా రాస్తారు: జనం కళ కాబట్టి జనానికి చేరుతుందని. అది నిజమే. నాకు మాత్రం ఇంకో కారణం వాద్యంలోనే ఉందనిపిస్తుంది. ఓదార్చే పనికి వేణువు చాలు. నిలదీసే పనికి జీర ఉన్న గొంతు కావాలి. మెల్లగా మీటితే గొణిగి, గట్టిగా మీటితే గద్దించే వాద్యం ఆ ఊళ్ళలో అప్పటికే ఉంది. అక్కడి జనానికి దాని గద్దింపుకి అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది ఆగస్టు 18 ఉదయం న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ ఉత్సవంలో గిటారిస్టు జిమి హెండ్రిక్స్ ఫజ్ ఫేస్ తొక్కి అమెరికా జాతీయగీతం వాయించాడు. గీతం మధ్యలో స్వరాలు చిట్లి, బాంబులు పడుతున్నట్టు, విమానాలు కూలుతున్నట్టు గిటారు అరిచింది. వియత్నాం యుద్ధం అప్పటికి టీవీల్లో రోజూ కనిపిస్తోంది. ఆ గీతంలో ఆయన ఒక్క మాట కూడా పాడలేదు.

హెండ్రిక్స్ దగ్గర ఫజ్ ఫేస్‌తో పాటు ఇంకో పెట్టె ఉండేది: ఆక్టేవియా. బ్రిటిష్ నౌకాదళ పరిశోధన విభాగంలో పనిచేసి వచ్చిన రోజర్ మేయర్ దాన్ని చేసిచ్చాడు. 1967 నాటి ‘పర్పుల్ హేజ్’లో వినిపించేది అదే. దాని పని చిత్రమైనది. అలలో సున్నా గీతకి కిందున్న సగాన్ని తిరగేసి పైకి మడతపెడుతుంది. ఒక ఊగుడుకి రెండు శిఖరాలు. షడ్జమం పంపితే తారషడ్జమం వస్తుంది.

ఎక్కడో విన్నట్టుంది కదూ? జముకులో నిలువు నరం, తోలు కలిసి చేసే పని ఇదే. కుడికి ఊగినా ఎడమకి ఊగినా తోలుకి తెలిసేది ఒకటే, లాగుడు. దిశ మరిచిపోయి బలాన్ని మాత్రమే లెక్కపెట్టడం వల్ల స్వరం రెట్టింపవుతుంది. మేయర్ డయోడ్లతో సాధించినదాన్ని, పేరు తెలియని ఏ పల్లెటూరి పనివాడో తోలుతో, నరంతో ఎప్పుడో సాధించాడు.

1969 డిసెంబర్‌లో రంగమటియా కొండల్లో పోలీసు తూటాలకి సుబ్బారావు పాణిగ్రాహి చనిపోయాడు. ఆ డిసెంబర్ చివరి రాత్రి, మర్నాడు కొత్త సంవత్సరం రాత్రి న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాలులో హెండ్రిక్స్ ‘మెషిన్ గన్’ వాయించాడు. వియత్నాంలో పోరాడుతున్న సైనికులతో పాటు అమెరికా నగరాల వీధుల్లో పోరాడుతున్నవారికీ దాన్ని అంకితం చేశాడు. ఆక్టేవియా, ఫజ్ ఫేస్ కలిసి ఆ రెండు రాత్రులూ గిటారుని తుపాకీలా పేల్చాయి, గాయపడ్డ మనిషిలా మూలిగించాయి.

పాణిగ్రాహి ఫజ్ పెడల్ చూసి ఉండడు. హెండ్రిక్స్ జముకు చూసి ఉండడు. ఈ కథలో ప్రభావాలు వెతకడం వృథా. మనిషి గొంతు చాలనిచోట ఇద్దరూ ఒకే రకం పనిముట్టు వైపు చెయ్యి చాచారు, అంతవరకే చరిత్ర సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం చాలు.

ఆ ఏడాదికి ఇంకో తెలుగు కొస కూడా ఉంది. 1969 ఫిబ్రవరిలో పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి లోకాన్ని నివ్వెరపరిచింది ఆయనే. తీగ స్వరం సాగాలన్న కోరిక ఆయనదీ. విద్యుత్తుని ఇంట్లోకి రానిచ్చాడు, జీరని గుమ్మం బయటే నిలబెట్టాడు. అదీ ఒక దారే. ఈ వ్యాసం ఆ దారిది కాదు.

రేడియో కడుపులో ఉన్న ముక్క

మన దేశంలో ఫజ్ గిటారుకి తొలి సాక్ష్యాల్లో సిమ్లా సిగరెట్ల పేరున జరిగిన ‘సిమ్లా బీట్’ పోటీలు ముఖ్యమైనవి. 1970, 71 పోటీల్లోని బృందాల పాటలు రెండు ఎల్పీ రికార్డులుగా వచ్చాయి. బొంబాయి, కలకత్తా కుర్రాళ్ళతో పాటు మద్రాసు బృందం కన్ఫ్యూజన్స్ కూడా వాటిలో ఉంది. మన తెలుగు సినిమా పాటలు రికార్డయ్యే ఊరు కూడా అప్పుడు మద్రాసే. పలాస మీదుగా మద్రాసు మెయిలు రోజూ పోతూనే ఉంది. దాంట్లోంచి ఫజ్ పెడల్ మాత్రం పలాసలో దిగలేదు.

దాని గుండెకాయ మాత్రం అప్పటికే ఇక్కడ ఉంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు మన పాత రేడియోల్లో ఉండేవి. వాటిలో ఏసీ 128 రకం ఒకటి. రేడియోలో స్పీకరుని మోగించడం దాని పని. ఈ ఏసీ 128నే నేడు ఫజ్ ఫేస్, టోన్ బెండర్ తరహా పెడళ్ళు చేసేవాళ్ళు లోకమంతా గాలిస్తున్నారు. అటక మీద తుప్పుపట్టిన రేడియోని పాత ఇనప సామాన్లవాడికి వేసేముందు కాస్త ఆలోచించండి.

ఫజ్ ఫేస్ విప్పితే ఆశ్చర్యం వేస్తుంది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు గుబ్బలు. అంతే. సోల్డరింగ్ చేతనైన రేడియో మెకానిక్‌కి ఒక మధ్యాహ్నం పని. ఎన్ని భాగాలన్నది కాదు, ఏ ట్రాన్సిస్టర్ పడిందన్నదే గొంతుని నిర్ణయిస్తుంది. అదే పెట్టెలోంచి తీసిన రెండు జెర్మేనియం ముక్కలు అన్నదమ్ముల్లా ఉండవు, పక్కింటివాళ్ళలా ఉంటాయి.

టెక్కలి కుర్రాడికి ఏది మంచిది?

టెక్కలిలో ఒక కుర్రాడు గిటారు కొన్నాడనుకుందాం. ఫజ్ పెడల్ కూడా కావాలంటున్నాడు. చరిత్ర చదివినందుకు అతనికి మనం ఏం చెప్పగలం?

ముందు ఎండ గురించి చెప్పాలి. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లోంచి పనిలేకుండా కారే విద్యుత్తు వేడితో పెరుగుతుంది. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకీ రెట్టింపు. లండన్‌లో 20 డిగ్రీల గదిలో సరిచేసిన పెడల్‌ని మే నెలలో 40 డిగ్రీల పందిరి కిందికి తెస్తే ఆ కారుడు నాలుగింతలు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర బ్యాటరీలో సగం, అంటే 4.5 ఓల్టులు ఉండాలి. వేడికి ఆ లెక్క తప్పి స్వరం ముక్కలుముక్కలుగా, ఉబ్బసం వచ్చినట్టు వస్తుంది. అందుకని మన తీరంలో మొదటి పెడల్ సిలికాన్‌ది కొనడం మేలు. వేడికి అంతగా చలించదు. గొంతు కొంచెం పదునుగా ఉంటుంది. జెర్మేనియమే కావాలని మనసు లాగితే, ఆ ఓల్టుల లెక్కని (బయాస్) సరిచేసుకునే గుబ్బ బయటికి ఉన్నది చూసుకోవాలి.

తరవాత గొంతు. ఫజ్ ఫేస్ తరహాది చేతికి దగ్గర. గిటారు మీది వాల్యూమ్ గుబ్బని పది నుంచి ఏడుకి తగ్గిస్తే చాలు, జీర తగ్గి స్వరం తేటపడుతుంది. మళ్ళీ పెంచితే గర్జన. జముకు లక్షణం దీనిలోనే ఎక్కువ. టోన్ బెండర్ తరహాది ఇంకా పొగరు, గుంపులో కూడా వినపడుతుంది. బిగ్ మఫ్ నాలుగు ట్రాన్సిస్టర్లది. అలని రెండు దశల్లో డయోడ్లతో చదును చేస్తుంది కాబట్టి స్వరం చాలాసేపు సాగుతుంది. బదులుగా చేతి బలానికి అంతగా లొంగదు, డ్రమ్ములూ బాసూ గట్టిగా మోగుతుంటే నడిమి స్వరాలు మునిగిపోతాయి. ఆక్టేవియా తరహాది గిటారు మెడ దగ్గరి పికప్‌తో, పన్నెండో మెట్టు పైన వాయిస్తేనే నోరు విప్పుతుంది.

పెడళ్ళు ఎన్ని ఉన్నా ఫజ్ ఫేస్ తరహాది గిటారు పక్కనే, మొదట ఉండాలి. గిటారు పికప్ కూడా ఆ సర్క్యూట్‌లో భాగంలా ప్రవర్తిస్తుంది. మధ్యలో బఫర్ ఉన్న ఇంకో పెడల్ దూరితే ఆ చుట్టరికం తెగిపోయి స్వరం గరుకెక్కుతుంది, వాల్యూమ్ గుబ్బ మాట చెల్లదు.

కరెంటు సంగతి ఉద్దానానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి దీపాలు లేవు. ఫజ్ ఫేస్ తాగే విద్యుత్తు ఒక మిల్లీయాంపియర్ కూడా ఉండదు. వాయించడం కాగానే గిటారు కేబుల్ పీకేస్తే, ఒక్క తొమ్మిది ఓల్టుల బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. పీకకపోతే అది పెడల్‌లో కూర్చుని తనంతట తాను అయిపోతుంది. పాత పద్ధతి జెర్మేనియం పెడళ్ళలో ప్లస్ వైపు భూమికి కలిపి ఉంటుంది. వాటిని మిగతా పెడళ్ళతో ఒకే అడాప్టరుకి తగిలించకూడదు. నౌపడా ఉప్పుమళ్ళ మీదుగా వచ్చే గాలికి జాకులు, స్విచ్చులు తొందరగా పచ్చబారతాయి. వాయించనప్పుడు మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

చాలామంది పెడల్ బాగోలేదని అనుకునేది నిజానికి స్పీకరు గొడవ. గిటారు కోసం చేసిన 12 అంగుళాల స్పీకరు సుమారు ఐదు వేల హెర్ట్జ్ పైన చప్పబడిపోతుంది. రాలిన గింజల్లో ముళ్ళలాంటివాటిని అదే ఏరేస్తుంది. పెడల్‌ని నేరుగా మైకు సెట్టు బాక్సుకి కలిపితే ఆ ముళ్ళన్నీ చెవిలో గుచ్చుకుంటాయి. గిటారు యాంప్ లేకపోతే, స్పీకరు గుణాన్ని అనుకరించే పెట్టె ఒకటి మధ్యలో పెట్టాలి.

చివరిగా, ఏం వాయించాలి? ఫజ్ గుండా నిండు కార్డు పంపితే బురద అవుతుంది. కలిసిన స్వరాలు ఒకదాన్నొకటి కూడి, తీసేసుకుని, పాటలో లేని స్వరాల్ని పుట్టిస్తాయి. షడ్జమ పంచమాలు మాత్రం క్షేమం. వాటి నిష్పత్తి రెండుకి మూడు. వాటి మధ్య తేడా ఒకటి, అంటే షడ్జమానికి కింది స్థాయి షడ్జమమే. అందుకే రాక్ సంగీతంలో పవర్ కార్డు అనేది అంత బరువుగా మోగుతుంది. మనకి తంబుర నేర్పిన మొదటి పాఠం కూడా సా, పా. ఇక ఒంటి తీగ మీద గమకం లాగితే ఫజ్ దాన్ని సన్నాయిలా సాగదీస్తుంది. కుర్రాడు ఆంగ్లపాటలతో మొదలుపెట్టినా, ఎల్లమ్మ కథ వరుస ఒకటి ఎత్తుకుని చూడమనాలి. మెట్లకి అంటుకోకుండా తీగని వేలితో పక్కకి లాగుతూ, జముకు జారినట్టు జారాలి.

సెగ, నీడ

ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య, సముద్రం గాలికి తోలు చెమ్మగిల్లి సాగుతుంది. సాగిన తోలుకి జీర రాదు. మొదలుపెట్టేముందు దాన్ని కాస్త సెగ చూపించి బిగించుకోవాలి. జెర్మేనియం దీనికి తలకిందులు: సెగ తగిలితే చెడుతుంది, నీడ పట్టున ఉంచాలి. ఒకే గాలి, ఒకే ఎండ, ఇద్దరు బంధువులకి ఇద్దరు వేరు వైద్యులు.

కానీ ఇద్దరికీ పరీక్ష ఒక్కటే. దుకాణంలో పెడల్ చూసేటప్పుడు గట్టిగా వాయించి మురిసిపోకూడదు. గట్టిగా వాయిస్తే ప్రతి పెట్టే అరుస్తుంది. గిటారు గుబ్బ సగానికి తగ్గించి, మెల్లగా ఒక్క స్వరం మీటి వినాలి. అప్పుడు గొణుగుతోందా? చెయ్యి పెంచినకొద్దీ మాట మారుతోందా? జముకు కథకుడు కొత్త నరం కట్టినప్పుడు వినేది సరిగ్గా ఆ గొణుగుడే. గద్దింపు ఎలాగూ వస్తుంది. గొణగలేని వాద్యం గద్దించినా దానిలో కథ ఉండదు.

వచ్చే భాగంలో: తీరం దాటి, పార్వతీపురం వైపు కొండలెక్కుదాం. సవరల వాద్యాల్లో తీగకి పెట్టె ఎలా దొరికిందో చూద్దాం.

(ఇంకా ఉంది)